నాలుగు వందల యాభై రూపాయల భోజనం, తెలుగులో రాసిన పట్టిక

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ లేఖల పుటలో మా మహబూబ్‌నగర్ పాఠకుడొకరు రాసిన ఉత్తరం చదివిన తరువాత ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. మా పట్టణంలో ఒక మేడ మీద రెండేళ్లుగా నడుస్తున్న రెస్టారెంటు గురించి ఆయన రాశారు. రెండు నెలలకొక దేశపు వంట వండి, తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద ఒకదాని తరువాత ఒకటిగా ఐదు విడతల్లో వడ్డించే ఆ పద్ధతి, జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పెరిగిన ఊరికి అతకని వేషమని ఆయన అభిప్రాయం. గటక తాగిన నోటికి చెంచాల లెక్క ఎందుకని ఎత్తిపొడిచారు కూడా. ఆ మాటలో చమత్కారం ఉన్నదని ఒప్పుకుంటాను. కాని ఆయన ఆ మెట్లెక్కి లోపల కూర్చొని తిన్నట్టు ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. నేను ఎక్కాను, ఇప్పటికి నాలుగుసార్లు, మోకాళ్ల నొప్పులతోనే ఎక్కాను. ఆ మెట్లకు ఒక పక్కనే కడ్డీ ఉన్నదన్న ఫిర్యాదు నాకూ ఉన్నది. దాని సంగతి తరువాత చెబుతాను.

ఆ రెస్టారెంటు యజమానితో నాకు చుట్టరికం గాని, లావాదేవీ గాని లేదు. వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ జిల్లా పల్లెల్లో తిరిగి, పల్లి, జొన్న, కంది, ఆముదం చేల గట్ల మీద ఉద్యోగం చేసి, ఇప్పుడు పింఛను మీద బతుకుతున్నవాడిని. రాసేది ప్రకటన కాదు కనుక ఆ రెస్టారెంటు పేరు కూడా ఇక్కడ రాయడం లేదు.

ఫైన్ డైనింగ్, అంటే హంగులతో విడతలుగా వడ్డించే ఖరీదైన భోజనం, అన్న మాట వింటేనే మా వయసువాళ్లకు, మా ప్రాంతంవాళ్లకు ఒక జంకు ఉంటుంది. నాకు ఆ జంకు పుట్టించినది హైదరాబాద్‌లో జరిగిన ఒక అనుభవం. మా అబ్బాయికి జీతం పెరిగిన సంతోషంలో ఏడెనిమిదేళ్ల కిందట మా దంపతులిద్దరినీ ఒక పెద్ద రెస్టారెంటుకు తీసుకువెళ్లాడు. తోలు అట్ట వేసిన పుస్తకమంత పట్టిక చేతికిచ్చారు. అక్షరాలన్నీ ఇంగ్లీషువే, మాటలు మాత్రం ఏ భాషవో తెలియలేదు. నీళ్లు ఏవి కావాలని వడ్డించే అబ్బాయి అడిగితే, మా ఇంటావిడ ‘మంచినీళ్లు’ అన్నది. అతడు సీసా నీళ్లు తెచ్చి మూత తీసి పోశాడు. ఆ సీసాల ధర ఎంతో బిల్లు వచ్చేదాకా మాకు తెలియలేదు. అదే బిల్లు అడుగున పది శాతం సర్వీస్ చార్జి కూడా కలిపి ఉన్నది. అది ఇవ్వడం మన ఇష్టమని, వద్దంటే తీసివేయాలని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. తరువాత కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు విడుదల చేసి, సర్వీస్ చార్జిని బిల్లులో దానంతట అదే కలపరాదని స్పష్టం చేసింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లినా ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇప్పటికీ ఎవరైనా కలిపితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చునన్న సంగతి మీ పాఠకులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఆ రాత్రి మేము ఏమి తిన్నామో నాకిప్పుడు ఒక్కటీ గుర్తు లేదు. తింటున్నంతసేపూ బిల్లు ఎంత వస్తుందోనని మా ఇంటావిడ నా మోచేతిని గిల్లడం మాత్రం గుర్తున్నది.

మా ఊరి రెస్టారెంటులో నాకు మొట్టమొదట నచ్చినది తిండి కాదు, మెట్ల కింద గోడకు తగిలించిన నల్లబల్ల. ఈ రెండు నెలలు వండేది ఏ దేశపు వంట, ఐదు విడతల్లో ఏమేమి వస్తాయి, ఒక్కొక్క దానిలో ఏ పప్పు, ఏ కూరగాయ, ఏ మాంసం పడుతుంది, శాకాహారులకు దాని బదులు ఏమి ఇస్తారు అన్నదంతా సుద్దముక్కతో గుండ్రని తెలుగు అక్షరాలలో రాసి ఉంటుంది. దాని కింద ధర: మనిషికి 450 రూపాయలు, జీఎస్టీ ఐదు శాతం చొప్పున ఇరవై రెండున్నర, మొత్తం 472 రూపాయల 50 పైసలు, సర్వీస్ చార్జి లేదు, కుండ నీళ్లకు డబ్బు లేదు. జేబులో ఉన్నదెంతో, అయ్యేదెంతో కిందనే లెక్క చూసుకొని, చాలదనుకుంటే ఎవరి ముందూ తల దించుకోకుండా అటునుంచి అటే వెళ్లిపోవచ్చు. ఈ సౌకర్యం ఎంత పెద్దదో, మెట్లెక్కి కూర్చున్న తరువాత ధరలు చూసి లేవలేక, మింగలేక అవస్థపడ్డవారికి తెలుస్తుంది.

ఆ ధరకు ఐదు విడతలు ఎట్లా గిట్టుబాటవుతాయని నేను యజమానిని సూటిగానే అడిగాను. ఆయన దాచకుండా చెప్పారు. వంద వంటకాల పట్టిక పెట్టిన హోటలు ఆ వందలో ఏది ఎవరు అడుగుతారో తెలియక అన్నింటి సరుకునూ సిద్ధంగా ఉంచుకోవాలి. మిగిలిపోయినది ఫ్రీజరులోకో చెత్తబుట్టలోకో పోతుంది, దాని ఖరీదు తినేవాడి బిల్లులోకి వచ్చి చేరుతుంది. ఇక్కడ వండేది ఒకే పూట భోజనం, కూర్చునేది ఇరవై నాలుగు మంది, ముందురోజే ఫోను చేసి చోటు చెప్పుకొంటారు కనుక ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోల పప్పు అన్నది పెండ్లివంట లెక్కలాగ ముందే తేలిపోతుంది. వందకు ముప్పై, ముప్పై అయిదు రూపాయలు సరుకుకు పోవాలన్నది హోటలు వృత్తిలో అందరూ చెప్పే లెక్క. ఆయన నలభై దాకా పోనిస్తారట. చెత్తబుట్టలో పడకుండా మిగిలే సరుకు దగ్గర ఆ తేడా పూడుతుందన్నారు. దేశం మారినా ఉల్లిగడ్డ, నూనె, బియ్యం, పప్పులు మారవు, మారేది పోపు, పులుపు, వండే తీరు మాత్రమేనని ఆయన అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉన్నది.

ఆ యజమాని మక్తల్ వైపు పల్లెలో పుట్టినవాడు. పాలమూరు కూలీ అంటే దేశమంతటా ఆనకట్టల దగ్గర, రోడ్ల దగ్గర తెలిసిన మాటే కదా. ఆయన తల్లిదండ్రులు అట్లాగే ముంబై, పుణె చుట్టూ తిరిగినవారు. ఆయన పదిహేడో ఏట పుణెలో ఒక హోటలులో గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి, దుబాయిలో ఒక హోటలు వంటగదికి చేరి, అక్కడ పన్నెండేళ్లు పనిచేశారు. పై అంతస్తులో విదేశీ యాత్రికులకు వడ్డించే వంటల నుంచి తాను పెద్దగా నేర్చుకోలేదని, నేర్చుకున్నదంతా సిబ్బంది గదుల్లోనేనని చెప్పారు. ఇథియోపియా అమ్మాయిలు, వియత్నాం కుర్రవాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు సెలవురోజున తమ ఇంటి వంట చేసుకుంటే, ఈయన జొన్నరొట్టె చేసి వాళ్లకిచ్చి వాళ్లది తినేవాడట. ఈ భోజనశాలకు మూలం అక్కడున్నది. ఇది ఎవరో డబ్బున్నవారు పడమటి దేశాలను చూసి వేసిన వేషం కాదని నేను అనడానికి కారణం కూడా అదే.

నేను మొదటిసారి వెళ్లినది ఇథియోపియా నెలల్లో. అక్కడి ముఖ్యమైన రొట్టె పేరు ఇంజెరా. ఆవగింజకన్నా చిన్నగా ఉండే టెఫ్ అనే ధాన్యపు పిండిని నీళ్లలో కలిపి రెండు మూడు రోజులు పులియబెట్టి, వెడల్పాటి పెనం మీద పల్చగా పోసి, మూత పెట్టి ఒకే వైపు కాలుస్తారు. పైన అట్టు మీద వచ్చినట్టే చిన్న చిన్న కన్నులు వస్తాయి. టెఫ్ మన అంగళ్లలో దొరకదు. అందుకని వీరు జొన్నపిండిలో కొంత తైద (రాగి) పిండి కలిపి చేశారు, ఆ మాట నల్లబల్ల మీద దాచకుండా రాశారు. ఇది కల్తీ అని ఎవరైనా అనుకుంటారేమోనని ఒక సంగతి చెప్పాలి. ఇథియోపియాలోనే టెఫ్ కొనలేనివారు, టెఫ్ పండని ప్రాంతాలవారు జొన్నతో ఇంజెరా చేసుకుంటారు. జొన్న పుట్టిల్లు కూడా ఆ చుట్టుపక్కలదే. తూర్పు సూడాన్‌లో ఐదు వేల ఏళ్ల కిందటి జొన్న సాగు ఆనవాళ్లు దొరికాయి. తైదలు తూర్పు ఆఫ్రికా మెట్టల నుంచి, సజ్జలు సహారా ఎడారి దక్షిణపు అంచు నుంచి మనకు వచ్చినవే. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు శిక్షణకు పంపినప్పుడు సూడాన్, ఇథియోపియాల జొన్న కంకులు చేతిలో పట్టుకొని చూశాను. అప్పుడు వాటిని దిగుబడి లెక్కలతో చూశాను గాని, వాటిని అక్కడివారు ఎట్లా వండుకొని తింటారని ఒక్కరోజూ ఆలోచించలేదు. ముప్పై ఏళ్లు జొన్నతో కాపురం చేసిన నేను జొన్న పుట్టింటి భోజనం మొదటిసారి తిన్నది మహబూబ్‌నగర్‌లో ఒక మేడ మీద!

ఆ ఇంజెరా మీద ఎర్ర పప్పు, శనగపిండితో చేసిన చిక్కని పులుసు, ఆకుకూర, కోడికూరలో ఉడికించిన గుడ్డు వచ్చాయి. వాటి కారం బెర్బెరే అనే పొడిది. ఎండుమిరప, మెంతులు, ధనియాలు, యాలకులు వేయించి దంచిన ఆ పొడి వాసన చూసి మా ఇంటావిడ ‘ఇది మన మసాలా పొడికి పిన్ని కూతురు’ అన్నది. శాకాహారులకు అక్కడి వంటలో ఎందుకంత చోటున్నదని అడిగితే, ఇథియోపియాలోని ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం పాటించి జంతు సంబంధమైనదేదీ ముట్టరని, అందువల్ల పప్పుల వంట అంతగా పెరిగిందని వడ్డించే అమ్మాయి చెప్పింది. బల్ల మీద చెంచా ఒక్కటి కూడా పెట్టలేదు. ఇథియోపియావారు కుడిచేత్తోనే తింటారు, పైగా ప్రేమతో ఒక ముద్ద చుట్టి పక్కవారి నోట్లో పెడతారు, దానికి గుర్షా అని పేరు. మీ పాఠకుడు ఎత్తిపొడిచిన చెంచాల లెక్క ఆ రోజు సున్నా. నలభై ఏళ్ల కాపురంలో మా ఇంటావిడకు నేను గోరుముద్ద పెట్టినది అదే మొదలు. పక్క బల్లవాళ్లు నవ్వారు, ఆమె మాత్రం ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

చివరన కాఫీ. అక్కడ పచ్చి గింజలు అతిథుల ముందరే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి, అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి మూడు విడతలు ఇస్తారు. మొదటిది అబోల్, రెండవది తోనా, మూడవది బరకా. మూడవదాకా కూర్చోకుండా లేవడం మర్యాద కాదట. మా పల్లెల్లో ఛాయ్ తాగకుండా లేస్తే పట్టే అలక గుర్తుకు వచ్చింది.

రెండవసారి మెక్సికో. ఇక్కడ నాకు ఉద్యోగపరంగా కొంత సిగ్గు కలిగిందని చెప్పాలి. ఎన్నో ఏళ్లు మక్క విత్తనాల ప్రదర్శన క్షేత్రాలు వేయించిన నాకు, మక్క పుట్టిన దేశంలో గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, ఆ తరువాతనే రుబ్బి రొట్టె చేస్తారన్న సంగతి పుస్తకంలో చదివినదే గాని కంటితో చూసినది కాదు. సున్నం వల్ల పొట్టు ఊడుతుంది, పిండి సాగుతుంది, గింజలో బిగుసుకొని ఉన్న నియాసిన్ అనే విటమిను ఒంటికి అందుతుంది. మక్కను తీసుకువెళ్లి, సున్నపు నీళ్ల పద్ధతిని వదిలివేసిన ఇటలీ, అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదవారిని ఆ విటమిను అందక వచ్చే పెల్లాగ్రా రోగం పీడించింది. జొన్న తినే మన దక్కను పల్లెల్లో కూడా ఆ రోగం కనిపించడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960వ దశకంలో అధ్యయనం చేసింది. ఒక వంటను పరాయిదని తోసివేసేముందు, దానితోపాటు ఎంత అనుభవాన్ని తోసివేస్తున్నామో చూసుకోవాలని నాకనిపించడానికి ఇది ఒక కారణం.

ఆ రోజు నాలుగవ విడతగా మోలే అనే చిక్కని రసంలో వంకాయ వచ్చింది. అక్కడ దీనిని ఎక్కువగా కోడికూరగా తింటారు, శాకాహారులకు వీరు వంకాయతో చేశారు. ఎండుమిరప, పల్లి, నువ్వులు వేయించి నూరి, దానిలో కొద్దిగా కోకో కలిపిన ఆ రసం నోట్లో పెట్టుకోగానే మాకిద్దరికీ ఒకే మాట వచ్చింది: బగారా బైంగన్! మన పెండ్లి దావత్‌లలో వండే ఆ కూర గుజ్జులోనూ పల్లి, నువ్వులే కదా పడేవి. పల్లి, మిరప, టమాట, జామ, బొప్పాయి అమెరికా ఖండాలవి. నువ్వులు, కంది మన దేశపు పంటలు. మన బాలానగర్ పేరు మీద దేశమంతటా నర్సరీలలో అమ్ముడుపోయే సీతాఫలం రకమున్నది, ఆ సీతాఫలం కూడా పుట్టుకతో అమెరికా ఉష్ణమండలానిదే. ఆ నెలల్లో చివరి విడత మీగడలో కలిపిన సీతాఫలం గుజ్జు. దేశాంతరం పోయిన బిడ్డ పుట్టింటికి వచ్చినట్టున్నదని రాయబోయాను గాని, అది పుట్టింటికి పోలేదు, పుట్టిల్లే మా ఊరికి వచ్చింది. పచ్చిపులుసు మన సొంతమని రాసిన పాఠకుడు అందులోని చింతపండు ఆఫ్రికా నుంచి, ఎండుమిరప పోర్చుగీసువారి ఓడల వెంట, ఉల్లిగడ్డ మధ్య ఆసియా వైపు నుంచి వచ్చాయని గమనించాలని మనవి. దానితో పచ్చిపులుసు మనది కాకుండా పోదు.

వియత్నాం నెలలు అంత బాగా లేవు. నిజం చెప్పకపోతే ఈ ఉత్తరానికి విలువ ఉండదు. మిర్యాలగూడ బియ్యపు పిండితో ఫో అనే పులుసులో వేసే సేమ్యాలాంటి సన్నని పోగులు చేయబోతే అవి గిన్నెలోనే విరిగి గంజి అయ్యాయి. అనాసపువ్వు, దాల్చినచెక్క, కాల్చిన అల్లంతో కాచిన కోడి రసం మాత్రం కమ్మగా ఉన్నది. బియ్యపు పలుచని కాగితంలాంటి పొరల్లో పచ్చి ఆకులు చుట్టి ఇస్తే, మా ఇంటావిడ వాటిని ‘ఉడకని తోటకూర’ అని పక్కకు నెట్టింది. చేపలను ఉప్పులో మగ్గబెట్టి తీసిన రసం వాసన అలవాటు లేనివారికి కష్టమే. అది దేనిలో పడుతుందో నల్లబల్ల మీద ముందే రాసి ఉండటం వల్ల శాకాహారులకు ఇబ్బంది రాలేదు. రెండో వారం నుంచి ఆ పోగులు హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నామని యజమాని తానే వచ్చి చెప్పి, ఆ రోజు తిన్నవారందరికీ ఆ విడత వరకు డబ్బు తగ్గించారు.

ఇక ఒకదాని తరువాత ఒకటి వడ్డించే పద్ధతి. మన విస్తరిలో అన్నీ ఒకేసారి పడతాయి, విడతలు విడతలుగా తినడం తెల్లవారి అలవాటని మీ పాఠకుడు రాశారు. ఫ్రాన్సులో కూడా పూర్వం అన్ని వంటలూ ఒకేసారి బల్ల మీద పేర్చేవారు. ఒక్కొక్కటే వేడివేడిగా తెచ్చి పెట్టడం పందొమ్మిదో శతాబ్దంలో రష్యా నుంచి పారిస్‌కు పాకిన పద్ధతి, అందుకే దానికి నేటికీ రష్యా వడ్డన అని పేరు. ఇంకొకరి పద్ధతి నచ్చి తెచ్చుకున్నది వాళ్లే. పైగా మన వడ్డన కూడా అంత కలగాపులగం కాదు. పప్పు, కూర, పులుసు, పెరుగు అన్న వరుస తప్పితే మా నాయన విస్తరి ముందు నుంచి లేచేవాడు.

మూడు నెలల కిందట మా వియ్యంకుడు దేవరకొండ నుంచి వస్తే ఆయనను కూడా వెంటబెట్టుకొని వెళ్లాను. అవి ఇటలీ నెలలు. ఆయన బత్తాయి రైతు, మాట కటువు. ‘బావగారూ, నాలుగు వందల యాభైకి మా ఊర్లో నలుగురం మాంసం వండుకొని తింటం’ అని మెట్ల కింద నిలబడి వాదించారు. లెక్క ఆయనదే నిజం. ఇది రోజూ తినే చోటు కాదు. మాలాంటివారు రెండు నెలలకొకసారి, పెండ్లిరోజుకో పిల్లలు వచ్చినప్పుడో వెళ్లే చోటు. పైకి వెళ్లాక నారింజ జాతి పండ్ల ముక్కలు, ఉల్లిగడ్డ, ఆలివ్ నూనె కలిపి చేసిన, ఇటలీలోని సిసిలీ దీవి పచ్చడిలాంటిది రెండో విడతగా వచ్చింది. సిసిలీలో దానికి నారింజ వాడతారు, ఇక్కడ బత్తాయి వాడారు. ఆయన ముక్క నోట్లో వేసుకొని, ఇది ఏ తోటదని, కిలో ఎంతకు కొన్నారని అడిగారు. బేరం అక్కడే మొదలయింది. తోటలో చెట్టుకు కాయ పండిన రోజుల్లో దళారి ఇచ్చే ధర ఎంతో తెలిసినవాడు గనుక, నెలకు రెండు పెట్టెల కాయ నేరుగా పంపిస్తానని మాట ఇచ్చి మరీ లేచారు. రెండు పెట్టెలతో ఏ రైతూ బాగుపడడు, నాకు తెలుసు. కాని తన కాయను ఇంకొక దేశంవారు ఉల్లిగడ్డతో తింటారన్న సంగతి ఆయన దేవరకొండలో నెల రోజులు చెప్పుకొన్నారు.

ఆయనే ఇంకొక మాట అన్నారు. నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల్లో కట్టిన బౌద్ధ ఉద్యానం బుద్ధవనం 2022 మేలో తెరిచారు. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన యువతులను కూడా అక్కడికి తీసుకువెళ్లారు. థాయిలాండు, శ్రీలంక, వియత్నాంల నుంచి వచ్చే బౌద్ధ యాత్రికులకు ఒక పూట వాళ్ల ఇంటి రుచి పెట్టగల వంటవాడు నల్లగొండ జిల్లాలో ఎవరున్నారని ఆయన ప్రశ్న. యునెస్కో 2019లో హైదరాబాద్‌ను పాకకళల సృజనాత్మక నగరంగా గుర్తించినప్పుడు మనమంతా బిర్యానీ గురించే మాట్లాడుకున్నాం. ఆ గుర్తింపుకు అర్థం వండి పెట్టడం ఒక్కటే కాదని, ఇతరుల వంటను నేర్చుకోవడం కూడా అని నేననుకుంటాను. మా జిల్లా వంటవాడు ఆ పని ప్రభుత్వ సాయమేమీ లేకుండా చేస్తున్నాడు. పర్యాటక శాఖవారు ఒకసారి వచ్చి ఆ వంటగది చూస్తే తప్పులేదు.

ఇప్పుడు ఫిర్యాదులు. మెట్లకు రెండో వైపు కడ్డీ వెంటనే పెట్టించాలి. అరవై దాటినవారికి కింద ఒక బల్ల వేస్తే మరీ మంచిది. దీపాలు మరీ మసకగా ఉంటాయి. తినేది కనపడకపోతే విడతల అందం ఎవరి కోసం? సంగీతం తగ్గించమని నేను అడిగినప్పుడల్లా తగ్గించి, నేను చెయ్యి కడుక్కొనేలోగా మళ్లీ పెంచుతున్నారు. చివరి తీపి విడత పరిమాణం పసిపిల్లల పాలచెంచాకు సరిపోతుంది. చోటు చెప్పుకొని రానివారి వల్ల నష్టం వస్తున్నదని ముందుగా వంద రూపాయలు కట్టించుకుంటున్నారు. అది న్యాయమే గాని, ఫోనులో డబ్బు పంపడం తెలియనివారి కోసం చేతికిచ్చే వీలు కూడా ఉంచాలి. వడ్డించే పిల్లలు నలుగురూ మన ఊరి డిగ్రీ కళాశాల విద్యార్థులే. వంటకం తెచ్చినప్పుడల్లా అది ఏమిటో చక్కని తెలుగులో చెబుతారు, కాని యజమాని పక్కన లేనప్పుడు ఇంగ్లీషులోకి జారిపోతారు. నేను వారించినప్పుడు ఒక అమ్మాయి ‘పెద్దయ్యా, మీరు ప్యాంటు, చొక్కా వేసుకొచ్చారని ఇంగ్లీషులో చెప్పిన’ అన్నది. ఆ తప్పు నాదే.

మీ ద్వారా నేను కోరేది ఒక్కటే. మహబూబ్‌నగర్, నల్లగొండ, వనపర్తి, సూర్యాపేటలలో కొత్తగా తెరుస్తున్న పెద్ద రెస్టారెంట్లవారు దేశదేశాల వంటలు పెట్టినా, మన వంటే పెట్టినా, వంటకాల పట్టికను తెలుగులో కూడా రాయాలి, మొత్తం ధరను గుమ్మం బయట రాయాలి. దీనికి చట్టం రావలసిన పని లేదు, సుద్దముక్క చాలు. హోటళ్ల సంఘాలవారు తలచుకుంటే వారంలో జరిగే పని. మన జనం పరాయి తిండికి భయపడి అటువంటి చోట్లకు పోవడం లేదని నేననుకోను. తెలియని మాటకు, తెలియని బిల్లుకు భయపడుతున్నారు. ఆ రెండు భయాలూ తీసివేసిన చోట, గద్వాల నుంచి చేనేత పనివారు కుటుంబంతో వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చొని తినడం నేను కళ్లారా చూశాను.

మొదటి తేదీ నుంచి అక్కడ పెరూ దేశపు వంటలు మొదలవుతున్నాయి. ఆలుగడ్డ పుట్టిల్లు అది. ఆ దేశపు రాజధాని లిమాలో ఉన్న అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రంలో నాలుగు వేలకు పైగా రకాలను భద్రపరుస్తున్నారు. మెత్తగా మెదిపిన ఆలుగడ్డలో నిమ్మరసం, మిరప కలిపి, పొరలు పొరలుగా పేర్చి చల్లగా తినే కౌసా అనే వంటకం రెండో విడతగా ఉంటుందని నల్లబల్ల మీద అప్పుడే రాశారు. ఎత్తిపొడుస్తూ ఉత్తరం రాసిన పాఠకుడిని ఆ మొదటి ఆదివారం మధ్యాహ్నం నా అతిథిగా రమ్మని ఈ ఉత్తరం ద్వారా పిలుస్తున్నాను. ఆయన పేరున ఒక చోటు చెప్పి, వంద రూపాయలు కట్టి ఉంచాను. తిన్న తరువాత కూడా ఆయన అభిప్రాయం మారకపోతే, అదే మాట మీ పత్రికకు మళ్లీ రాయవచ్చు, నేను జవాబు రాయను. మెట్లెక్కేటప్పుడు మాత్రం కుడి పక్కన నడవమనండి, కడ్డీ అటువైపే ఉన్నది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
మహబూబ్‌నగర్